గుండె కోసం నీళ్ళు ఎలా తాగాలి: బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్ళున్న ఇంటికి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఎండల్లో ప్రతి ఇంట్లో వినపడే సలహా "నీళ్ళు బాగా తాగండి" అని. బాగా అంటే ఎంత? ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మాత్ర వేసుకునే నాన్నగారికీ, తెల్లారకముందే పొలానికి వెళ్ళే కొడుక్కీ, రోజంతా ఏసీ గదిలో పనిచేసే కోడలికీ ఒకటే లెక్కా? కాదు. ఎవరి లెక్క వాళ్ళది. దాన్ని చాలావరకు ఇంట్లోనే తేల్చుకోవచ్చు, మిగిలింది డాక్టర్‌ని అడగాలి. రెండూ ఎలాగో వరసగా చెప్తాను.

అసలు గుండెకీ నీళ్ళకీ ఏం సంబంధం అనేది ముందు చూద్దాం, అది తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో సగానికి పైగా ప్లాస్మా అనే ద్రవం, ఆ ప్లాస్మాలో 90 శాతం దాకా నీరే. ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని తోస్తుంది. చెమటలో నీరు పోయి, పోయినంత మళ్ళీ తాగకపోతే రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది, కాబట్టి ఒక్కోసారికి తోసేదీ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి గుండె వేగంగా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. మెదడు నుంచి వాసోప్రెసిన్, కిడ్నీల నుంచి రెనిన్ అనే రసాయనాలు విడుదలై రక్తనాళాలను బిగిస్తాయి, ఉన్న నీటినీ ఉప్పునీ బయటికి పోకుండా పట్టి ఉంచుతాయి. పైగా ఎండలో ఒళ్ళు చల్లబడాలంటే చర్మానికి కూడా ఎక్కువ రక్తం పంపాలి. అంటే చేతిలో సరుకు తక్కువ, పని ఎక్కువ. కుర్రవాళ్ళ గుండె దీన్ని తట్టుకుంటుంది. స్టెంటు పడినవాళ్ళకో, గుండె పంపింగ్ తగ్గినవాళ్ళకో, డెబ్బై దాటినవాళ్ళకో ఇది నిజమైన భారం.

పరిశోధనలు ఏమంటున్నాయో కూడా చెప్తాను. అమెరికాలో కాలిఫోర్నియాలోని అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. రోజుకు 5 గ్లాసులు, అంతకంటే ఎక్కువ నీళ్ళు తాగినవాళ్ళలో, 2 గ్లాసులూ అంతకంటే తక్కువా తాగినవాళ్ళతో పోలిస్తే గుండె జబ్బుతో మరణాలు తక్కువగా కనిపించాయి. 2022లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ పరిశోధకులు దాదాపు 11,800 మంది రికార్డులు చూసి, నడివయసులో రక్తంలో సోడియం లీటరుకు 143 మిల్లీమోల్స్ దాటినవాళ్ళకు తర్వాతి పాతికేళ్ళలో హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిపడా రక్తాన్ని పంప్ చేయలేకపోవడం) ముప్పు ఎక్కువగా ఉందని చెప్పారు. నీళ్ళు తక్కువ తాగేవాళ్ళలో సోడియం పైకెళ్ళడం మామూలే. కానీ ఇవన్నీ జనాన్ని గమనించి చెప్పినవి, నీళ్ళు తాగించి పరీక్షించినవి కావు. నీళ్ళు సరిపడా తాగేవాళ్ళు తిండి, నడక విషయంలోనూ జాగ్రత్తగా ఉండి ఉండొచ్చు. అందుకని నీళ్ళు తాగితే బ్లాకులు కరిగిపోతాయనీ, బీపీ మాత్ర మానేయొచ్చనీ ఎవరైనా అంటే నమ్మొద్దు. గుండె పనిని తేలిక చేయడం వరకే నీళ్ళ వంతు.

మొదటి పని: మందుల డబ్బా ముందేసుకోండి

లీటర్ల లెక్కకు ముందు చేయాల్సింది ఇదే. ఒక్కో షీటు తిప్పి వెనకాల సన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి, కళ్ళజోడు కావాలంటే తెచ్చుకోండి, లేకపోతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, స్పిరోనోలాక్టోన్ ఉన్నాయేమో వెతకండి. ఇవన్నీ ఒంట్లో నీరు తీసే మందులు. చాలామందికి తాము నీటి మాత్ర వేసుకుంటున్నట్టే తెలియదు, ఎందుకంటే అది బీపీ మాత్రలోనే కలిసి ఉంటుంది. పేరు చివర 'హెచ్' ఉన్న బీపీ మాత్రల్లో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరోథయాజైడే. షుగర్‌కో గుండెకో ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి.

ఇప్పుడు ఇంట్లో ఎవరు ఏ వరసలోకి వస్తారో చూసుకోండి.

గుండె, కిడ్నీ జబ్బులేవీ లేనివాళ్ళు, మామూలు బీపీకి నీటి మాత్ర లేకుండా మందు వాడేవాళ్ళు ఒక వరస. వీళ్ళు కింద చెప్పిన మామూలు లెక్క పాటించొచ్చు. నీటి మాత్ర కలిసిన బీపీ మందు వాడేవాళ్ళు రెండో వరస, వీళ్ళకు తక్కువైనా ఇబ్బందే, ఒక్కసారిగా ఎక్కువైనా ఇబ్బందే. హార్ట్ ఫెయిల్యూర్ ఉందని చెప్పినవాళ్ళు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు, డయాలిసిస్ చేయించుకుంటున్నవాళ్ళు మూడో వరస. వీళ్ళు రోజుకు ఎంత తాగాలో వాళ్ళ డాక్టరే చెప్పాలి. పక్కింటివాళ్ళు కాదు, నేనూ కాదు.

రెండో పని: మీ గ్లాసు కొలవండి

"రోజుకు 8 గ్లాసులు" అన్నప్పుడు ఏ గ్లాసు? మన ఇళ్ళలో స్టీలు గ్లాసులు 150 మిల్లీలీటర్ల నుంచి 300 దాకా ఉంటాయి. లీటరు వాటర్ బాటిల్ నింపి, మీరు రోజూ తాగే గ్లాసులో పోస్తూ ఎన్నిసార్లు నిండిందో చూడండి. నాలుగుసార్లు నిండితే గ్లాసు 250, ఐదుసార్లయితే 200. చెంబుతో తాగే అలవాటుంటే చెంబునూ అలాగే కొలవండి. ఐదు నిమిషాల పని, ఒక్కసారి చేస్తే చాలు.

యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఇచ్చిన లెక్క ప్రకారం తిండిలోదీ తాగేదీ కలిపి ఆడవాళ్ళకు రోజుకు 2 లీటర్లు, మగవాళ్ళకు 2.5 లీటర్లు. అందులో సుమారు అయిదో వంతు తిండిలోంచే వస్తుంది. మనం తినే అన్నం, చారు, పప్పు, మజ్జిగ చూస్తే ఇంకాస్త ఎక్కువే వస్తుందనుకోవచ్చు. అయితే అది మోస్తరు వాతావరణానికీ, మోస్తరు పనికీ వేసిన లెక్క. మన మే నెలకు అది చాలదు. ఎండలో పనిచేసేవాళ్ళు ఎంత కోల్పోతున్నారో తెలుసుకోవాలంటే పనికి ముందూ తర్వాతా బరువు చూసుకోవడం నమ్మకమైన దారి, కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. ఉపాధి హామీ పనికో, మిర్చి కోతకో, భవనాల పనికో వెళ్ళేవాళ్ళకు రోజూ కాటా దొరకదు కాబట్టి, దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో నాలుగు గుక్కలు తాగుతూ ఉండటమే పద్ధతి.

మూడో పని: రోజంతా పంచుకోండి

పొద్దున లేవగానే లీటరున్నర గటగటా తాగేసి, మళ్ళీ సాయంత్రం దాకా సీసా ముట్టనివాళ్ళు చాలామంది ఉన్నారు. అలా తాగినదాంట్లో చాలా భాగం గంటా రెండు గంటల్లో బాత్రూమ్‌కే పోతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు, అసలు ఎండ దంచేటప్పుడు, ఒంట్లో మళ్ళీ లోటే.

మొదటి రెండు వరసలవాళ్ళు ఇలా మొదలుపెట్టండి. లేవగానే ఒక గ్లాసు. టిఫిన్‌తో, మాత్రలతో ఒకటి. పది పదకొండు మధ్య ఒకటి. భోజనానికి కాస్త ముందు ఒకటి, భోజనంలో కావాల్సినంత. మూడు గంటలప్పుడు ఒకటి, ఐదింటికి ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి. పడుకోవడానికి రెండు గంటల ముందు ఆపేయండి, మాత్ర మింగడానికి రెండు గుక్కలు చాలు. బయటికి వెళ్ళే రోజైతే దీనికి తోడు సీసా పట్టుకెళ్ళాలి.

పెద్దవాళ్ళ విషయంలో ఇక్కడ కాసేపు ఆగాలి. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, ఒంట్లో నీరు తగ్గినా "నాకేం దాహం లేదురా" అనే అంటారు. దానికి తోడు రాత్రి లేవాల్సి వస్తుందన్న భయంతో సాయంత్రం నుంచి నీళ్ళే మానేస్తారు. ఆ భయం అర్థం లేనిది కాదు, చీకట్లో బాత్రూమ్‌కి వెళ్తూ పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవాళ్ళు ఎంతమందో. కాబట్టి తాగమని పోరు పెట్టడం కంటే, తాగే వేళను ముందుకు జరపండి. సాయంత్రం ఐదులోపే ఎక్కువ భాగం అయిపోయేలా చూడండి. నీటి మాత్ర సాయంత్రం వేసుకుంటుంటే పొద్దుటికి మార్చొచ్చా అని డాక్టర్‌ని అడగండి, చాలాసార్లు మారుస్తారు. తాతయ్యకో అమ్మమ్మకో సీసా ఎదురుగా పెట్టి వెళ్ళిపోతే సరిపోదు, గ్లాసులో పోసి చేతికివ్వాలి. ఇచ్చి, తాగేదాకా పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడితే ఇంకా మంచిది.

ఆడవాళ్ళ సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. బస్సు ప్రయాణం ఉందంటే, పెళ్ళికి వెళ్తున్నామంటే, దుకాణంలో పన్నెండు గంటలు నిలబడాలంటే, బాత్రూమ్ దొరకదని పొద్దుటి నుంచే నీళ్ళు ఆపేసే అక్కచెల్లెళ్ళు లెక్కలేనంతమంది. ఇది వాళ్ళ తప్పు కాదు. బయల్దేరడానికి రెండు గంటల ముందు రెండు గ్లాసులు తాగి, బయల్దేరేముందు బాత్రూమ్‌కి వెళ్ళి, దారిలో గుక్క గుక్కగా తాగితే ఇబ్బంది తగ్గుతుంది. మీ దగ్గర ఆడవాళ్ళు పనిచేస్తుంటే వాళ్ళకు శుభ్రమైన బాత్రూమ్ ఏర్పాటు చేయండి, వాటర్ క్యాన్ పెట్టడం కంటే అది ముందు చేయాల్సిన పని.

నాలుగో పని: ఏం తాగాలో తేల్చుకోండి

మంచినీళ్ళు అన్నిటికంటే మొదటివి. వాటి తర్వాత పల్చటి మజ్జిగ, కానీ ఉప్పు దగ్గర చెయ్యి పట్టుకోవాలి. ఒక టీస్పూను ఉప్పు సుమారు 5 గ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన హద్దు కూడా 5 గ్రాముల లోపే. ఒక చెంబు మజ్జిగలో అర టీస్పూను వేశామంటే సగం కోటా అక్కడే అయిపోయింది, ఇంకా అన్నంలో ఆవకాయ, అప్పడం, చారు అన్నీ బాకీ. మజ్జిగలో ఉప్పుకు బదులు అల్లం, కరివేపాకు, కొత్తిమీర, కాస్త నిమ్మరసం వేయండి, వారం రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది. రాగి అంబలి, గంజి, పుచ్చకాయ, కీరదోస, తాటి ముంజలు అన్నీ మంచివే. సొరకాయ, పొట్లకాయ కూరలో కూడా నీరే ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళు పుచ్చకాయ రెండు ముక్కలతో సరిపెట్టుకోవాలి.

కొబ్బరి నీళ్ళు అందరికీ అమృతమనుకుంటాం. వాటిలో పొటాషియం బాగా ఉంటుంది, చాలామందికి అది మేలే. కానీ స్పిరోనోలాక్టోన్ వాడేవాళ్ళకూ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకూ, ముఖ్యంగా టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు కూడా వాడుతుంటే, ఒంట్లో పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. హాస్పిటల్‌కి చూడ్డానికి వెళ్తూ కొబ్బరి బోండాలు పట్టుకెళ్ళే అలవాటు మనకుంది కదా, ఇచ్చేముందు నర్సుని ఒక్క మాట అడగండి.

ఓఆర్ఎస్ సంగతి. అది విరేచనాలకు, వాంతులకు, విపరీతంగా చెమట పట్టి నీరసించినప్పటికి. బీపీ ఉన్నవాళ్ళు రోజూ తాగే పానీయం కాదు, అందులో ఉప్పు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్ 20.5 గ్రాములు ఉంటుంది, దాన్ని సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసులో కాస్త పొడి వేసి అంచనాగా కలిపితే లెక్క తప్పుతుంది. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన చక్కెర పానీయాలతో మోసపోవద్దు. వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు, 2025 అక్టోబర్‌లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశాలిచ్చింది. కొనేటప్పుడు డబ్బా మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసుకోండి.

టీ, కాఫీ రోజుకు రెండు మూడు కప్పులైతే లెక్కలోకే వస్తాయి, అవి ఉన్న నీరంతా లాగేస్తాయనేది నిజం కాదు. కూల్ డ్రింక్స్ వద్దు. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు అటూఇటూ చక్కెర ఉంటుంది. ఎండలకు బీరు చలవ చేస్తుందనే మాట అసలే నమ్మకండి, మద్యం మూత్రాన్ని పెంచి ఉన్న నీరు పోగొడుతుంది, గుండె లయనూ చెడగొట్టగలదు.

ఐదో పని: సరిపోతోందో లేదో చూసుకోండి

మూత్రం రంగు లేత పసుపులో ఉంటే బాగున్నట్టు. డికాషన్ రంగులోకి పోతుంటే తక్కువైంది. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే ముదురు పసుపు వస్తుంది, అది చూసి కంగారు పడొద్దు. రోజంతా నీళ్ళలాగా తెల్లగానే ఉంటే అవసరం కంటే ఎక్కువ తాగుతున్నారేమో ఆలోచించండి.

లేవగానే కళ్ళు తిరుగుతుంటే ఇంట్లో బీపీ మిషన్ తీయండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి ఒకసారి చూడండి, నిలబెట్టి నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడండి. పక్కన ఒక మనిషి పట్టుకోవడానికి ఉండాలి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, నీరు తగ్గి ఉండొచ్చు, లేదా ఎండాకాలానికి మాత్ర డోసు ఎక్కువై ఉండొచ్చు. ఆ అంకెలు కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి. మాత్ర మీరే ఆపేయకండి.

కాళ్ళ వాపు చూసే తీరు ఇది: చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి తీసేయండి. గుంట పడి అలాగే ఉండిపోతే నీరు చేరినట్టు. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వాడేవాళ్ళకు కూడా కాళ్ళు వాస్తాయి, ఆ వాపు నీళ్ళు మానేస్తే తగ్గదు, అది మందు వల్ల వచ్చేది. వాపు కనపడగానే నీళ్ళు కట్టడి చేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక "సోడియం తగ్గింది" అన్న మాట. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఈ మాట వినని వాళ్ళు తక్కువ. మొన్నటిదాకా బాగానే ఉన్న మనిషి రెండు రోజులుగా మగతగా ఉండటం, సంబంధం లేకుండా మాట్లాడటం, నడక తూలడం కనిపిస్తుంది, పక్షవాతమేమో అని పరుగెత్తితే రక్తపరీక్షలో సోడియం పడిపోయిందని తేలుతుంది. నీటి మాత్ర, అందులోనూ హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ వాడుతూ, సరిగ్గా తిండి తినకుండా, ఎవరో చెప్పారని నాలుగైదు లీటర్ల నీళ్ళు తాగే పెద్దవాళ్ళకు ఇది త్వరగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు కూడా గంటకు సుమారు లీటరు కంటే ఎక్కువ నీటిని బయటికి పంపలేవు. పందెం వేసుకున్నట్టు తాగకూడదనేది ఇందుకే. ఈ లక్షణాలు కనిపిస్తే అదేమిటో ఇంట్లో తేల్చుకోవాలని చూడకండి, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

ఆరో పని: హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళు ఇలా చేయండి

మీకు డాక్టర్ లీటరున్నర అనో రెండు లీటర్లనో హద్దు పెట్టి ఉంటే, పొద్దున్నే అన్ని నీళ్ళూ ఒక సీసాలో పోసి పెట్టుకోండి. టీ తాగితే అంత నీరు సీసాలోంచి తీసేయండి, మజ్జిగకు, చారుకు, జావకు కూడా అంతే. రోజు ఎటు పోతోందో కంటికి కనపడుతుంది. దాహం ఆగకపోతే నోట్లో చిన్న ఐసు ముక్క, లేదా నిమ్మచెక్క పెట్టుకోవచ్చు, నోరు పుక్కిలించి ఉమ్మేయొచ్చు. ఉప్పు తగ్గిస్తే దాహమూ తగ్గుతుంది.

పొద్దున బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కి ముందు, రోజూ ఒకే కాటా మీద బరువు చూసి క్యాలెండర్‌లో తేదీ పక్కనే రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కండ కాదు, కొవ్వు కాదు, నీరే. ఆ రోజే ఫోన్ చేయండి. పడుకుంటే ఆయాసం రావడం, తలగడలు పెంచుకోవాల్సి రావడం కూడా అదే కోవ.

ఒక మంచి కబురు కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో నిలకడగా ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ రోగులు 504 మంది మీద చేసిన ట్రయల్ 2025లో వచ్చింది. నీళ్ళ మీద హద్దు లేనివాళ్ళకూ, లీటరున్నర హద్దు పెట్టినవాళ్ళకూ ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, హద్దు ఉన్నవాళ్ళు మాత్రం దాహంతో ఎక్కువ బాధపడ్డారు. దీన్ని చూసి సొంతంగా హద్దు ఎత్తేయకండి, ఎండాకాలంలో నాకు కాస్త సడలించొచ్చా అని అడగడానికి మాత్రం ఇది మంచి కారణం.

ఏడో పని: ఒంట్లో బాగోలేని రోజుకు ముందే సిద్ధపడండి

విరేచనాలు, వాంతులు, గట్టి జ్వరం వచ్చిన రోజు కూడా నీటి మాత్రా, టెల్మిసార్టాన్ లాంటిదీ, షుగర్ మాత్రలూ అలవాటుగా వేసుకుంటూ పోతే కిడ్నీలు దెబ్బతినొచ్చు. అలాంటి రోజున ఏ మాత్ర ఆపాలో, ఎన్నాళ్ళు ఆపాలో ముందే డాక్టర్‌తో రాయించుకుని మందుల డబ్బాలో పెట్టుకోండి. శివరాత్రి ఉపవాసానికీ, రంజాన్ రోజాలకూ ఇదే వర్తిస్తుంది.

ఛాతీలో బరువు, చెయ్యో దవడో లాగడం, చల్లటి చెమటలు వస్తే అది ఎండ దెబ్బనో గ్యాస్ అనో సోడా తాగించి కూర్చోబెట్టకండి. ఒళ్ళు కాలిపోతూ మాట తేడా వస్తే అది వడదెబ్బ. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు, నీడకు చేర్చి ఒంటి మీద నీళ్ళు చల్లి విసరాలి. రెండిటికీ 108కి ఫోన్ చేయాలి.

వాట్సాప్‌లో తిరిగే రెండు మాటలు కొట్టేయండి. భోజనం తర్వాత చల్లటి నీళ్ళు తాగితే కొవ్వు గడ్డకట్టి హార్ట్ ఎటాక్ వస్తుందనేది అబద్ధం. వేడినీళ్ళు రక్తనాళాల్లో కొవ్వును కరిగిస్తాయనేదీ అబద్ధమే.

వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు బరువుల క్యాలెండర్ ఫొటో, నిలబడి చూసిన బీపీ అంకెలు, రోజుకు తాగే గ్లాసుల లెక్క పట్టుకెళ్ళి ఇవి అడగండి: నాకు రోజుకు ఎన్ని లీటర్లు? ఎండాకాలానికి నీటి మాత్ర డోసు మార్చాలా? సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్ష చేయించి ఎన్నాళ్ళయింది, మళ్ళీ ఎప్పుడు చేయించాలి?